అల్వీనా ఫ్రెంచి

లాబ్‌స్టరు డెక్కలోంచి మాంసం విరక్కుండా రావాలంటే దెబ్బ ఒక్కటే పడాలి. కత్తి వెనకవైపుతో, కణుపుకి వేలెడు కింద, ఒకే ఒక్క దెబ్బ. చిప్ప పగలగానే రెండు చేతులతో విప్పి మణికట్టు విదిలిస్తే ఎర్రటి కండ చెక్కుచెదరకుండా పళ్లెంలో పడుతుంది. అల్వీనా వొటూర్ రేవు దగ్గరి ఫ్యాక్టరీలో ఈ పని ముప్ఫై ఒక్కేళ్లుగా చేస్తోంది. చేతుల వంక చూడను కూడా చూడదు. చేతులకి నోటి సాయం అక్కర్లేదు కాబట్టి, పక్కన నిలబడే రొసాల్బాకి ఫ్రెంచి నేర్పుతూ ఉంటుంది.

రొసాల్బా మెక్సికో మనిషి. ఏటా వసంతంలో పడవలు వేటకి కదిలేసరికి వస్తుంది, మళ్లీ మంచు పడేలోగా వెళ్లిపోతుంది. ఇది మూడో ఏడు. పెద్దవాళ్లని తన ఊళ్లో పిలిచినట్టే అల్వీనాని 'దోన్యా' అని పిలుస్తుంది.

"ఇయ్యేటి?" అల్వీనా తన తెల్లకోటు అంచు పట్టుకుని ఊపింది.

"హార్ద్," అంది రొసాల్బా. బట్టలు.

"అదేటి?" గోడకి పైన ఆవిరి పట్టిన కిటికీ.

"షాసీ."

"మరి నువ్విప్పుడేటి సేస్తున్నావు?"

రొసాల్బా గడియారం వంక చూసి, "బూరా కోసం ఎస్పెరే సేస్తున్నాను," అంది. ఎదురుచూస్తున్నాను అని.

"ఓలమ్మో! మా పాదరీ కంటే బాగా సెప్తున్నావే."

బల్ల అవతలి ఆడవాళ్లు నవ్వారు. పని దిగే బూరా మోగింది. అల్వీనా రబ్బరు తొడుగులు విప్పి, లోపలి నూలు తొడుగులు పిండి, ఉప్పునీటికి తెల్లబడి ముడతలు పడ్డ వేళ్లని చంకల కింద పెట్టుకుని కాసేపు నిలబడింది.

ఇంటికి వెళ్లేసరికి నోయెమీ కోటైనా విప్పకుండా వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పదహారేళ్ల మనవరాలు. తండ్రి రెజిస్ పడమటి రాష్ట్రంలో చమురు గనుల్లో మూడు వారాలు పనిచేసి ఒక వారం ఇంట్లో ఉంటాడు. తల్లి మంక్టన్‌లో ఉంటుంది, ఇంగ్లీషు మనిషి. ఆ పిల్ల చదువు ఇంగ్లీషు బళ్లో మొదలైంది కాబట్టి ఇప్పుడు కూడా రోజూ పసుపు బస్సెక్కి ఇంగ్లీషు బడికే వెళుతుంది. అక్కడ ఫ్రెంచి రెండో భాష. ఇంట్లో నానమ్మతో మాట్లాడేదీ ఫ్రెంచే కాబట్టి ఆ ఒక్క విషయంలో నోయెమీకి ఎప్పుడూ బెంగ ఉండేది కాదు.

బల్ల మీద ఫ్రెంచిలో మాట్లాడే పరీక్ష కాయితం ఉంది. పైన ఎర్ర సిరాతో నలభై ఎనిమిది అని ఉంది. కింద రెండు వరుసల్లో మాటలు. ఎడమవైపు మాటలన్నిటికీ ఎర్ర గీతలు. కుడివైపు వాటికి సరైన మాటలు, గుండ్రటి ముచ్చటైన చేతిరాతలో.

అల్వీనా కళ్లజోడు పెట్టుకుంది. ముడతలు పడ్డ వేలు ఎడమ వరుస మీద నెమ్మదిగా దిగింది. హార్ద్. షాసీ. ఎస్పెరే. ఇంకో నాలుగు. వేలు ఆఖరి మాట దగ్గర ఆగిపోయింది.

"ఈటి కింద ఇంగ్లీసులో ఏటి రాసినారు?"

"ఇవి ఫ్రెంచి కావు అని."

"ఏయి కావు?"

"ఇవే, నానమ్మా. ఎస్పెరే అంటే ఆశపడటమంట. ఎదురుచూడటం కాదంట. హార్ద్ అంటే చింకిబట్టలంట. నేను 'మా నానమ్మ నాకు కొత్త హార్ద్ కుట్టింది' అన్నాను. క్లాసంతా..." నోయెమీ ఆపేసింది.

"మరి ఉజ్జోగం?"

"అరవై అయిదు రావాలి."

రేవు పక్కన మేనరు అని ముసలివాళ్లుండే ఇల్లు ఒకటుంది. వేసవికి అక్కడ భోజనాలు వడ్డించి, వాళ్లతో కబుర్లు చెప్పే పనికి నోయెమీ దరఖాస్తు పెట్టుకుంది. ఇంగ్లీషు బడి పిల్లలైతే ఫ్రెంచిలో అరవై అయిదు వచ్చినట్టు టీచరు రాసివ్వాలి. స్నేహితురాళ్లు ఐస్‌క్రీము కొట్లో చేరుతుంటే తనకి మాత్రం ముసలాళ్ల దగ్గర ఉండాలని ఉందని ఆ పిల్ల శీతాకాలం నుంచీ అంటోంది.

"మేడం శుక్రవారం పరీక్ష మళ్లీ పెడతానంది. నా ఒక్కదాని కోసం బడి మొదలవకముందే వస్తానంది," అంది నోయెమీ. "మంచావిడే."

"ఈ మాటలు నీకెవులు నేర్పినారని అడిగిందా?"

నోయెమీ కోటు గుండీ తిప్పుతూ కూర్చుంది. "అడిగింది."

"ఏటన్నావు?"

"టీవీలో విన్నానన్నాను."

అల్వీనా కళ్లజోడు తీసి మడిచింది. పొయ్యి మీద కోడిపులుసు పొంగి గిన్నె అంచుదాకా వచ్చింది. వెళ్లి మంట తగ్గించింది. చాలాసేపు అటే తిరిగి గరిటె తిప్పుతూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున నోయెమీ వంటింట్లోకి వచ్చేసరికి రొట్టె ముక్కల మీద బెల్లపు పాకం పోసి సిద్ధంగా ఉంది.

"గుడ్ మార్నింగ్," అంది అల్వీనా.

నోయెమీ నవ్వింది. నానమ్మ హాస్యమాడుతోందనుకుంది.

"రొట్టె. అక్కడ. తిను," అంది అల్వీనా ఇంగ్లీషులోనే. "బస్సు. త్వరగా. వాన."

ఆమె ఇంగ్లీషు ఫ్యాక్టరీ ఇంగ్లీషు. పెట్టెల మీది అక్షరాలు, మేనేజరు కేకలు, దుకాణంలో ధరలు. దానితో పని జరుగుతుంది గానీ కబురు సాగదు. ఆ మాటలు ఒక్కొక్కటీ జేబులోంచి చిల్లర తీసినట్టు తీసి ఇస్తోంది. నోయెమీ ఫ్రెంచిలో ఏదో అడిగింది. అల్వీనా మళ్లీ ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. నోయెమీకి ఇంగ్లీషు అమ్మ మాట. అమ్మ ఎంత వేగంగా మాట్లాడినా అర్థమవుతుంది. కానీ ఈ ఇంగ్లీషు వినలేకపోయింది. సగం రొట్టె వదిలేసి బస్సుకి పరిగెత్తింది.

సాయంత్రం కూడా అంతే. "సూప్. వేడి." "చదువు. మంచిది." ఆ ఇంట్లో ఎప్పుడూ పొద్దుగూకితే మాటలే మాటలు. ఎవరి పడవకి ఎన్ని వచ్చాయి, చర్చిలో ఎవరు కునికారు, లెయోనా పెద్దమ్మ మోకాలు ఇవాళ ఏమంది. ఇప్పుడు చెంచాల చప్పుడు, కిటికీ మీద వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. కోపం వచ్చిందనుకుంది నోయెమీ. టీవీ అన్నందుకే. ఆ మాట ఎత్తే ధైర్యం చాలక పుస్తకం తెరిచి వాక్యాలు బట్టీ పట్టింది.

బుధవారం ఫ్యాక్టరీలో రొసాల్బా తనంతట తనే మొదలుపెట్టింది. "ఇయ్యాల హార్ద్ తడిసిపోనాయి, దోన్యా. రేత్రి షాసీ మూయలేదు."

"అలగ అనకు," అంది అల్వీనా.

"ఎలగ?"

"హార్ద్ అనకు. వెత్‌మాఁ అను. షాసీ కాదు, ఫెనెత్ర్." కాయితంలోని కుడివైపు మాటలు. ఆమె నోట్లో అవి సరిగ్గా పట్టని పళ్లసెట్టులా కదిలాయి.

రొసాల్బా కత్తి దించింది. "మరి మూడేళ్లూ నాకు తప్పులే నేర్పినావా?"

"నాకు తెలవదు గదా, తప్పులని."

"పోయినేడు నా బొటనేలు సీము పట్టి ఇంతయింది. ఆస్పత్రికెల్లినాను. నీ మాటలే సెప్పినాను. ఎప్పుడు వాసింది, ఎంత సలపరం, అన్నీ. నర్సుకి ఒక్క ముక్క తెలవకపోలేదు. నవ్వింది కూడాను. అల్వీనా పక్కన నిలబడతావా అనడిగింది."

"ఆ నర్సుదీ ఈ ఊరే. తప్పుకి తప్పు తెలుస్తాది."

"అలగైతే నాను ఎవుల కాడ నేర్చుకోవాల?"

అల్వీనా ఇంకో డెక్క అందుకుంది. దెబ్బ వేసింది. డెక్క పగల్లేదు. మళ్లీ వేసింది. ఈసారి చిప్పతో పాటు కండ కూడా చితికింది. చితికిన ముక్కల పళ్లెంలోకి దాన్ని తనే విసిరేసింది. ఆ పళ్లెంలోకి అల్వీనా చెయ్యి వెళ్లడం చూసి అవతలి ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 

గురువారం నోయెమీ బస్సు దిగేసరికి కారు వాకిట్లోనే ఉంది. అద్దాలన్నీ ఎత్తి, లోపల ఊపిరికి మసకబారి ఉన్నాయి. నోయెమీ దగ్గరికి వెళ్లింది. లోపల నానమ్మ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, రెండో చెయ్యి గాల్లో తిప్పుతూ, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. అద్దం ఇవతలికి మాట తెలియలేదు గానీ లయ తెలిసింది. మూడు రోజులుగా ఇంట్లో వినపడని లయ అది.

నోయెమీ అద్దం మీద తట్టింది. నవ్వు టక్కున ఆగిపోయింది. ఫోను ఒళ్లోకి పోయింది. అద్దం కిందికి దిగింది.

"హలో," అంది అల్వీనా ఇంగ్లీషులో. "స్కూల్ గుడ్?"

"ఎవరితో?"

"లెయోనా."

"కార్లో కూర్చుని ఎందుకు?"

సిగరెట్టు దాచుకుంటూ దొరికిపోయినట్టుంది ఆమె మొహం.  నోయెమీ వానలో కారు చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది.

"నాకు వినపడకుండానా?"

అల్వీనా స్టీరింగు పట్టుకుంది, ఎక్కడికో నడపబోతున్నట్టు. తర్వాత, వారంలో మొదటిసారి, తన భాషలో అంది: "నాను మానలేనే, గుంటా. అరవై నాలుగేళ్ల నోరు. నీ సెవిలో పడకండా ఉంటే సాలనుకున్నాను. నీ నోటికి అంటుకోకండా."

"నీకు కోపం వచ్చిందనుకున్నాను. టీవీ అన్నందుకు."

"కోపమెందుకు? తెలివైన పనే సేసినావు."

 తిట్టి ఉంటే బాగుండేదనిపించింది నోయెమీకి. "నీ పేరు చెబితే నిన్ను కూడా నవ్వుతారని చెప్పలేదు."

"తెలుసు."

"కాదు," అంది నోయెమీ. "నాకు సిగ్గేసింది. అందుకే చెప్పలేదు."

అల్వీనా తల ఊపింది. అదీ తెలుసన్నట్టు. చలిచేతులు మనవరాలి బుగ్గకి ఆనించి తీసేసింది. "రేపటికి పరీచ్చ అయిపోతాది గదా," అని, మళ్లీ ఇంగ్లీషులోకి దిగింది. "ఇప్పుడు. లోపలికి. చదువు."

శుక్రవారం పొద్దున పరీక్ష బస్సు వేళకి ముందే కాబట్టి అల్వీనాయే తీసుకెళ్లింది. ఫ్యాక్టరీలో ఒక పూట సెలవు పెట్టింది. చర్చికి వేసుకునే గౌను తొడుక్కుంది, సబ్బుతో మూడుసార్లు చేతులు తోముకుంది. ఖాళీ వరండాలో గోడవారగా బెంచీ మీద ఇద్దరూ కూర్చున్నారు.

టీచరు టింగ్లీ గారు గొడుగు దులుపుకుంటూ వచ్చింది. యాభై దాటిన సన్నటి మనిషి. మెడకి ఉన్ని మఫ్లరు, చేతిలో పుస్తకాల సంచీ, జలుబుతో ఎర్రబడ్డ ముక్కు. అల్వీనాని చూడగానే ఆమె మొహం విచ్చుకుంది. ఫ్రెంచిలో మొదలుపెట్టింది:

"నమస్కారమండీ! మీరు నోయెమీ నాయనమ్మగారై ఉంటారు. ఇంత ప్రాతఃకాలమున శ్రమ తీసుకొని వచ్చినందుకు మీకు నా హృదయపూర్వక కృతజ్ఞతలు!"

ఒక్కో మాటా ఇస్త్రీ చేసినట్టుంది. అల్వీనాకి అర్థమైంది. లేచి నిలబడింది. జవాబు నాలిక చివరిదాకా వచ్చింది. కానీ దాని వెనకే ఎడమవైపు వరుస మొత్తం వచ్చి అడ్డంగా నిలబడింది. ఏ మాట ముట్టుకుంటే ఏ గీత పడుతుందో తెలియదు.

"గుడ్ మార్నింగ్, మిస్," అంది ఇంగ్లీషులో.

టీచరు కనుబొమలు కొంచెం పైకి లేచాయి. ఆమె కూడా మర్యాదగా ఇంగ్లీషుకి మారింది. "అయ్యో, క్షమించండి. మీకు ఫ్రెంచి రాదా?"

వరండాలో ఎక్కడో నీళ్ల గొట్టం బొటబొటమంటోంది. నోయెమీ నానమ్మ వంక చూసింది.

"రాదు," అంది అల్వీనా. "కొంచెం."

"పరవాలేదండీ. ఏ వయసులో అయినా నేర్చుకోవచ్చు," అంది టీచరు. ఎగతాళి కాదు. నిజంగానే ఆదరంగా అంది. అల్వీనా చెయ్యి పట్టుకుని నొక్కింది కూడా.

వాళ్లిద్దరూ గదిలోకి వెళ్లాక తలుపు పూర్తిగా మూయలేదు. లోపల కుర్చీలు జరిపిన చప్పుడు. కుటుంబంలో ఒకరిని వర్ణించమంది టీచరు.  ఆ తర్వాత నోయెమీ గొంతు, కానీ నోయెమీది కానట్టు:

"మా పితామహి కర్మాగారమునందు పనిచేయుచున్నారు. ఆమె ప్రాతఃకాలముననే మేల్కొని అల్పాహారము సిద్ధపరచెదరు. ఆమె మిక్కిలి దయాళువు. ఆమె వస్త్రములు శుభ్రముగా నుండును. ప్రతిదినము సాయంకాలము ఆమె గవాక్షము చెంత నా కొరకు వేచియుందురు."

అల్వీనా బెంచీ మీద ముందుకి వంగి వింది. ఎవరో పెద్దింటి ముసలావిడ గురించి చెబుతున్నట్టుంది. వినసొంపుగానే ఉంది. ఆ మనిషెవరో తనకి తెలియదు.

ఎనభై ఒకటి వచ్చింది. టీచరు అక్కడికక్కడే కాయితం రాసి సంతకం పెట్టి, నోయెమీతో వరండాలోకి వచ్చింది. "చూశావా? ఆ టీవీ భాష వదిలేస్తే నువ్వెంత చక్కగా మాట్లాడతావో," అని భుజం తట్టింది. నోయెమీ నోరు తెరిచింది. ఇప్పుడు నిజం చెబుతుందనుకుంది అల్వీనా. చెప్పొద్దని చూపుతోనే ఆపింది. బయటికి వచ్చాక, "ఎనభై ఒకటి! గుడ్!" అంది. నోయెమీని క్లాసుకి పంపి కారు స్టార్టు చేసింది. పరీక్ష అయిపోయింది. ఇంక ఏ భాషైనా మాట్లాడుకోవచ్చు. సాయంత్రం ఇంట్లో ఇద్దరిలో ఎవరికీ నోరు రాలేదు. రాత్రి భోజనాల దగ్గరా అంతే. అలవాటు తప్పిన తోవలో గడ్డి మొలవడానికి నాలుగు రోజులు చాలు కాబోలు.

శనివారం మేనరులో నోయెమీకి మొదటి రోజు. ఎలా పనిచేస్తుందో చూసి చేర్చుకుంటారు. దింపేసి వెళ్లిపోదామనుకుంది అల్వీనా. కానీ వాన కుండపోతగా ఉంది, అక్కడి అజమాయిషీ చూసే ఎల్డా బలవంతపెట్టి లోపలికి లాగింది. ఎల్డా నోయెమీకి ఏప్రను కట్టి, చేతిలో భోజనం పళ్లెం పెట్టి, నాలుగో గదికి పంపింది. "ఒదెలీ గారు. తొంభై రెండేళ్లు. నెల రోజులుగా సరిగ్గా తినట్లేదు, మాట్లాడట్లేదు. నీ వల్ల రెండు ముద్దలు దిగితే చాలు."

అల్వీనా తడి కోటుతో గుమ్మం దగ్గరే ఆగింది.

కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ముసలావిడ మునగదీసుకుని ఉంది. వేళ్లు వలల తాళ్లకి అరిగినవి. అల్వీనా ఒక్క చూపులో పోల్చుకుంది. నోయెమీ పళ్లెం బల్ల మీద పెట్టి, చేతులు ముందుకి కట్టుకుని, పరీక్షలో నిలబడ్డట్టే నిలబడింది.

"నమస్కారము. నా పేరు నోయెమీ. నేటి మధ్యాహ్న భోజనము తమకు నేను వడ్డించెదను. తమరు కుశలముగా నున్నారా?"

ఒదెలీ తల తిప్పింది. ఆ పిల్లని పైనుంచి కిందిదాకా చూసింది. పెదవులు ఏదో వెతుక్కున్నాయి. తర్వాత తడబడుతూ, ఒక్కో మాటా ఏరుకుంటూ ఇంగ్లీషులో అంది:

"ఇంగ్లీషు మాట్లాడు, తల్లీ. నా ఫ్రెంచి... బాగోదు."

 నోయెమీ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది.

గుమ్మంలో అల్వీనా కోటు అంచుల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ మాట ఆమెకి కొత్త కాదు. నిన్న పొద్దున తనే అంది, బడి వరండాలో నిలబడి, చర్చి గౌనులో. కానీ అన్నప్పుడు అదెలా ఉంటుందో వినలేదు. ఇప్పుడు వింది. తొంభై రెండేళ్ల మనిషి, పుట్టి బుద్ధెరిగి ఈ ఫ్రెంచి తప్ప ఇంకో భాష సరిగ్గా రాని మనిషి, పదహారేళ్ల పిల్ల ముందు క్షమాపణ చెప్పుకుంటోంది.

ఆమె గదిలోకి వచ్చింది. నేల మీద తడి అడుగులు పడ్డాయి.

"మీ ఫ్రెంచికేటైనాది మామ్మా? జొరమొచ్చిందా?" అంది.

ఒదెలీ కళ్లు చిట్లించింది. గొంతు ఎటునుంచి వచ్చిందో వెతికింది. కుర్చీ చేతులు పట్టుకుని కాస్త నిటారుగా జరిగింది.

"ఎవులమ్మాయివే నువ్వు?"

"డొసితే అమ్మాయిని. అల్వీనాని."

"ఏ డొసితే? సముద్రంలో వల సగంలో ఇడిసీసి డేన్సుకెల్లిపోయినోడా?"

"ఆయనే."

"ఆడు నా పాదం తొక్కీసినాడే ఆ డేన్సులో!" ఒదెలీ నోరు తెరిచి నవ్వింది. పళ్లు లేని నవ్వు. నవ్వు దగ్గులోకి దిగి, మళ్లీ పైకొచ్చింది. ఆ చప్పుడుకి ఎల్డా వరండాలోంచి తొంగిచూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ముసలావిడ వంకర వేలు నోయెమీ వైపు తిరిగింది. "మరి ఈ గుంటెవులిది?"

 అల్వీనా కోటు గుండీలు విప్పుకుంటూ నిలబడింది.

నోయెమీ చేతులు ఏప్రను అంచుని నలిపాయి. బడి, పుస్తకం, కుడివైపు వరుస అన్నీ ఒక్కసారి నాలిక మీదికి వచ్చి తొక్కిసలాడుకున్నాయి. చివరికి వచ్చింది మాత్రం వాటిలో ఏదీ కాదు.

"రెజిస్ కూతుర్ని," అంది. "అల్వీనా కొడుకు రెజిస్. డొసితే కూతురు అల్వీనా."

"అలగ సెప్పు! మరి ఇందాకల బిషప్పు లాగ మాటాడినావేటే?"

"పరీచ్చకి నేర్చుకున్నాను మామ్మా."

"పాసైనావా?"

"ఎనబై ఒకటి."

"ఓయబ్బో." ఒదెలీ పళ్లెం తన వైపు లాక్కుని చెంచా అందుకుంది. మంచం అంచు మీద అరచేత్తో రెండుసార్లు తట్టింది. "పాసైపోనావు గదా. ఇంక రా, కూకో. మాటాడు."